గడి తప్పని నౌక: డెక్కు పటాలకు ఇంక్‌స్కేప్ ఎంతవరకు పనికొస్తుంది

వైజ్ఞానిక కల్పన ఇతివృత్తంగా బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ ఆటల కోసం అంతరిక్ష నౌకల డెక్కు పటాలు, అంటే నౌకలోని అంతస్తుల ప్లాన్లు, గీసుకునేవారికి ఇంక్‌స్కేప్ అనే, గీతలతో బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంతవరకు ఉపయోగపడుతుందో వివరంగా చెప్పాలని ఈ సమీక్ష రాస్తున్నాను. విజయనగరంలో అయ్యకోనేరు గట్టుకు దగ్గరగా ఉన్న ఒక మిత్రుని మేడగదిలో ఆదివారాలు కలిసి ఆడే మా బృందానికి నేను రెఫరీని, అంటే ఆటను నడిపించే బాధ్యత నాది. ఆటలో ఎదురయ్యే నౌకలన్నిటికీ పటాలు సిద్ధం చేసే బాధ్యత కూడా నాదే. కొంతకాలంగా ఆ పటాలన్నీ ఇంక్‌స్కేప్‌లోనే గీసి, ఊళ్లోనే ముద్రింపించి, బల్ల మీద పరచుకుని ఆడుతున్నాం. కొలత తప్పకుండా గీయాలనుకునే రెఫరీకి ఉచితంగా దొరికేవాటిలో ఇంతకంటే మంచి సాధనం నాకు కనిపించలేదు. అయితే తెర మీద గీసినది అదే కొలతతో కాగితం మీదికి రావాలంటే మాత్రం కొన్ని జాగ్రత్తలు తప్పవు.

కొలతకు ఇంత ప్రాధాన్యం ఎందుకన్నది ఈ ఆటలు కొత్త అయినవారికి ముందుగా చెప్పాలి. మేము ఆడే ట్రావెలర్ 1977లో మొదటిసారి వెలువడిన ఆట. అందులో నౌక పరిమాణాన్ని బరువుతో కాకుండా అది ఆక్రమించే చోటుతో లెక్కిస్తారు. ఒక టన్ను ద్రవ హైడ్రోజన్ పట్టే చోటు, అంటే సుమారు 14 ఘనపు మీటర్లు, ఆ ఆటలో ఒక టన్ను. పటం మీద ఒక్కో గడి పొడవు, వెడల్పు 1.5 మీటర్లు. డెక్కు ఎత్తు 3 మీటర్లుగా తీసుకుంటే ఒక గడిలో 6.75 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది, రెండు గడులు కలిస్తే 13.5 అవుతుంది. అందువల్ల రెండు గడులు ఒక టన్ను అన్న సూత్రం స్థిరపడింది. ఈ లెక్కన 200 టన్నుల చిన్న వర్తక నౌక పటంలో దాదాపు 400 గడులుండాలి. ఒక పార్సెక్కు (నక్షత్రాల మధ్య దూరాల కొలత) దూరం జంపు చేయడానికి, అంటే ఒక్క గెంతులో దాటడానికి, నౌక పరిమాణంలో పదో వంతు ఇంధనం కావాలి గనుక, అందులో 40 గడులు ఇంధనం ట్యాంకులకే పోతాయి. ఒక మనిషి గదికి 4 టన్నులు, అంటే 8 గడులు కేటాయిస్తారు. వాటిలో కొన్నిటిని నడవాకూ, భోజనశాలకూ ఇచ్చి గదిని చిన్నదిగా గీయడం ఆనవాయితీ. శీతనిద్రలో ప్రయాణించేవారి పెట్టెకు ఒక్క గడి చాలు. భూమి చుట్టూ తిరుగుతున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గాలి నింపి ఉంచిన భాగమంతా కలిపితే సుమారు వెయ్యి ఘనపు మీటర్లు, అంటే ఈ కొలమానంలో 70 టన్నులకు కాస్త పైన. ట్రావెలర్‌లో నక్షత్రాల మధ్య జంపు చేయగల అతి చిన్న నౌక 100 టన్నులు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చెప్పినప్పుడు మా బృందంలో కొత్తగా చేరినవారికి ఆ నౌక ఎంతటిదో వెంటనే అర్థమైంది.

పటానికీ లెక్కకూ మధ్య పది నుంచి ఇరవై శాతం తేడా ఉన్నా సరిపెట్టుకోవచ్చని ఆట సంప్రదాయమే ఒప్పుకుంటుంది. అయినా నేను ఆ వెసులుబాటును వీలైనంత తక్కువగా వాడుకుంటాను. ఎందుకంటే ఆటగాళ్లు పటాన్ని నమ్మి నిర్ణయాలు తీసుకుంటారు. దొంగలు ఎయిర్‌లాక్ (నౌకలోకి వచ్చే రెండు తలుపుల గది) బద్దలుకొట్టి లోపలికి వస్తున్నప్పుడు ఇంజిన్ గది నుంచి తలుపు దాకా ఎన్ని అంగల్లో చేరగలం, సరుకు గదిలో మరో పెట్టె పడుతుందా, ఈ గోడకు అవతల ఉన్నది ట్యాంకా లేక ఖాళీ చోటా అని వాళ్లు అడిగే ప్రతి ప్రశ్నకూ గడులు లెక్కపెట్టి జవాబు చెప్పగలగాలి. సరుకు గది 80 టన్నులని కాగితం మీద రాసి, పటంలో 100 గడులే గీస్తే, ఆ సంగతి పట్టుకునే ఆటగాడు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. పట్టుకోవాలి కూడా.

ఇంక్‌స్కేప్ పనితనం తెలిసేది ఇక్కడే. పటం మీద ఒక్కో గడిని ఒక అంగుళంగా గీస్తాను. డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో గ్రిడ్ (గడుల గీతలు) విభాగానికి వెళ్లి గీతల మధ్య దూరం పావు అంగుళంగా, ప్రతి నాలుగో గీత ముదురుగా ఉండేలా పెట్టుకుంటే, ఒక అంగుళపు గడి కళ్లముందు స్పష్టంగా కనిపిస్తూనే గోడలనూ తలుపులనూ గడిలో పావు వంతుకు కూడా అతికించుకోవచ్చు. స్నాపింగ్ పనిచేస్తున్నంతసేపు గీత వెళ్లి గ్రిడ్‌కే అంటుకుంటుంది కనుక, వంకర గోడలు, ఒకదానినొకటి తాకకుండా మిగిలిపోయే మూలలు రావు. కొత్తవారు ఒక విషయం ముందే తెలుసుకోవాలి: తెర మీద కనిపించే ఈ గ్రిడ్ ముద్రణలో రాదు. కాగితం మీద గడులు కావాలంటే ఎక్స్‌టెన్షన్స్ మెనూలోని రెండర్ విభాగంలో గ్రిడ్ గీసే సదుపాయాన్ని వాడి, అసలైన గీతలుగా గీయించుకుని, వాటిని ఒక ప్రత్యేకమైన లేయరులో (ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటి పొరలో) ఉంచుకోవాలి.

దీనికంటే ముఖ్యమైన సదుపాయం అదే ఎక్స్‌టెన్షన్స్‌లో మెజర్ పాత్ అనే పేరుతో ఉంది. నలుచదరపు గదుల గడులు ఎవరైనా వేలుపెట్టి లెక్కపెట్టగలరు. కానీ నౌక ముక్కు దగ్గర వంపు తిరిగిన గోడ వెంట ఉండే ట్యాంకులో సగం గడులు, పావు గడులు, ముక్కోణపు ముక్కలు వస్తాయి, వాటిని కంటి అంచనాతో కలపడం మొదలుపెడితే లెక్క ఎటో పోతుంది. మెజర్ పాత్‌లో వైశాల్యాన్ని ఎంచుకుని, ప్రమాణం అంగుళాలుగా పెడితే, ఆ వంకర ఆకారం ఎన్ని చదరపు అంగుళాలో అది పటం మీదే రాసి చూపిస్తుంది. మన గడి ఒక అంగుళం కాబట్టి ఆ అంకే గడుల సంఖ్య, అందులో సగం టన్నుల సంఖ్య. 20 టన్నుల ట్యాంకుకు 40 రావాలి. 37 వస్తే వంపును కాస్త బయటికి లాగి మళ్లీ కొలుస్తాను. దీర్ఘచతురస్రం పనిముట్టుతో గీసిన ఆకారాన్ని ముందుగా బిందువులను కలిపే గీతగా, అంటే పాత్‌గా మార్చుకున్నాకే ఈ కొలత తీయాలి. ఇంక్‌స్కేప్‌ను డెక్కు పటాలకు సిఫారసు చేయడానికి ఈ ఒక్క సదుపాయం చాలునని నేను అనుకుంటున్నాను.

కొలతల విషయంలోనే ఒక చిక్కు కూడా ఉంది. ఏదైనా ఆకారాన్ని ఎంచుకున్నప్పుడు పైన కనిపించే వెడల్పు, ఎత్తు అంకెల్లో గీత మందం కూడా కలిసి ఉంటుంది. ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్ల చదరాన్ని ఒక మిల్లీమీటరు మందపు గీతతో గీస్తే అక్కడ 26.4 అని కనిపిస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో టూల్స్ విభాగానికి వెళ్లి జామెట్రిక్ బౌండింగ్ బాక్స్‌ను ఎంచుకుంటే గీత మందాన్ని పక్కనపెట్టి అసలు కొలతే చూపిస్తుంది. ఇది మొదటి నుంచీ అలాగే ఉండి ఉంటే బాగుండేది. అలాగే, అంగుళపు గడులతో గీసిన పటాన్ని అరంగుళపు గడులకు కుదించేటప్పుడు గోడల మందం కూడా కుదించుకుపోవాలా వద్దా అన్నది పైన ఉండే ఒక చిన్న మీట నిర్ణయిస్తుంది. అది ఏ స్థితిలో ఉందో చూసుకోకుండా కుదిస్తే గోడలు వెంట్రుకల్లా పలచబడిపోనూవచ్చు, గదులను మింగేసేంత లావుగా మిగిలిపోనూవచ్చు.

ఒకే రకం గదులు, మంచాలు, తలుపులు, ఎయిర్‌లాకులు పదేపదే వచ్చే పటాల్లో క్లోన్ సదుపాయం ఎంతో శ్రమ తగ్గిస్తుంది. మూలరూపాన్ని ఒకసారి గీసి, ఆల్ట్, డి మీటలు కలిపి నొక్కి కావలసినన్ని ప్రతులు తీసుకుంటే, తరువాత మూలరూపంలో మంచాన్ని అటు గోడకు జరిపితే అన్ని గదుల్లోనూ మంచం అటే జరుగుతుంది. ఏదైనా ఒక గదిని, ఉదాహరణకు కెప్టెన్ గదిని, మిగతావాటికి భిన్నంగా మార్చాలంటే ఆ ఒక్క క్లోన్‌కు మూలంతో సంబంధం తెంచేస్తే సరిపోతుంది.

ఇక లేయర్ల గురించి. బాగా గీసిన డెక్కు పటం నిజానికి రెండు పటాలు: ఒకటి ఆటగాళ్లకు చూపించేది, రెండవది రెఫరీ దగ్గరే ఉండేది. నేను ప్రతి డెక్కుకూ ఒక లేయరు పెట్టి, దాని లోపల నౌక పైకవచం, పీడనాన్ని ఆపే గోడలు, మామూలు గోడలు, తలుపులు, సామాను, పేర్లు, రహస్యాలు అని ఉపలేయర్లు పెట్టుకుంటాను. దొంగసరుకు దాచే అర, పాత యజమాని అతికించి మూసేసిన తలుపు, ఎవరికీ తెలియని కెమెరా రహస్యాల లేయరులో ఉంటాయి. దాన్ని కనబడకుండా చేసి ఎగుమతి చేస్తే ఆటగాళ్ల ప్రతి, కనబడేలా చేసి ఎగుమతి చేస్తే నా ప్రతి. పీడన గోడలను మామూలు గోడల నుంచి విడిగా ఉంచడం అందరూ పాటించదగిన పద్ధతి. కవచానికి చిల్లు పడినప్పుడు ఏ గదుల్లో గాలి పోతుంది, ఏ గదులు మిగులుతాయి అన్నది ఆ ఒక్క లేయరునే తెర మీద ఉంచితే ఒక్క చూపులో తెలిసిపోతుంది. చాలామంది గీసే పటాల్లో గోడలన్నీ ఒకే మందంతో ఉండి, ఈ ప్రశ్నకు జవాబు దొరకకుండా పోతుంది.

రెండు మూడు డెక్కులున్న నౌకలో నిచ్చెనలు, లిఫ్టు బావి పై డెక్కులోనూ కింది డెక్కులోనూ ఒకే నిలువులో ఉన్నాయో లేదో సరిచూడడానికి కూడా లేయర్లే ఆధారం. కింది డెక్కును తాళం వేసి, పై డెక్కు పారదర్శకతను సగానికి తగ్గిస్తే, రెండూ ఒకదానిలోంచి ఒకటి కనిపిస్తాయి. పై డెక్కు స్నానాల గది కింది డెక్కు విద్యుత్ పరికరాల నెత్తిన వచ్చిందన్న సంగతి కూడా అప్పుడే బయటపడుతుంది. అయితే డెక్కులను ఇలా ఒకదాని మీద ఒకటి గీసుకుంటూనే, ముద్రణ కోసం ఒక్కో డెక్కును ఒక్కో పుటలో పెట్టి ఒకే పీడీఎఫ్‌గా ఇవ్వాలంటే, బహుళ పుటల సదుపాయం ఉన్న 1.2 లేదా ఆ తరువాతి వెర్షను కావాలి. అది 2022లో వచ్చింది. పాత కంప్యూటర్లలో అంతకు ముందరి వెర్షను ఉన్నవారు మార్చుకోవడం మంచిది. నీడలు, మసక వెలుగుల వంటి హంగులు ఎక్కువగా పెడితే మాత్రం ఏ వెర్షను అయినా పటాన్ని పెద్దది చేసి చూసేటప్పుడు నెమ్మదిస్తుంది. ఆ హంగులు లేని పటమే ఆటలో చక్కగా చదవగలుగుతాం.

తెలుగులో పేర్లు రాసుకునే విషయంలో నాకు పూర్తి సంతృప్తి ఉంది. యూనికోడ్ ఫాంట్లతో టైపు చేస్తే ఒత్తులు, గుణింతాలు ఎక్కడా విరగకుండా వస్తాయి. గదుల పేర్లకు నోటో సాన్స్ తెలుగు, నౌక పేరుకు గురజాడ అనే ఫాంటు వాడుతున్నాను. విజయనగరంలో గీసే నౌకల మీద గురజాడ పేరున్న అక్షరాలుండడం మా బృందంలో అందరికీ ఇష్టం, శ్రీకాకుళం నుంచి వచ్చే మిత్రుడు తన నౌకకు గిడుగు ఫాంటే పెట్టాలని పట్టుబట్టి పెట్టించుకున్నాడు. రెండూ ఉచితంగా దొరుకుతాయి. తెలుగు అక్షరాలకు కింద ఒత్తులుంటాయి కాబట్టి ఇంగ్లీషు పటాల్లో మాదిరిగా పేరును గోడకు ఆనించి రాస్తే, ‘యంత్రశాల’లోని క్రారవడి గోడ గీతలో కలిసిపోతుంది. పేరు కింద గడిలో పావు వంతు ఖాళీ వదలాలి. అరంగుళపు గడుల పటంలో ఇది మరీ ముఖ్యం.

ముద్రణ విషయం కాస్త విస్తారంగా చెప్పాలి, ఎందుకంటే ఇంత శ్రద్ధగా గీసినది పాడయ్యేది అక్కడే. 25 మిల్లీమీటర్ల పీఠమున్న బొమ్మలు నిలబెట్టి ఆడాలంటే అంగుళపు గడులు కావాలి. 200 టన్నుల నౌకను రెండు డెక్కులుగా విడగొడితే ఒక్కోటి సుమారు 10 గడుల వెడల్పు, 20 గడుల పొడవు ఉంటుంది. 10 అంగుళాలకు 20 అంగుళాల ఆ పటం ఏ3 కాగితంలో పట్టదు, ఏ2లో చక్కగా పడుతుంది. అదే అరంగుళపు గడులైతే ఏ4 చాలు. ఇళ్ల ప్లాన్లు ముద్రించే దుకాణాల్లో ప్లాటరు (పెద్ద కాగితాల ముద్రణ యంత్రం) మీద ఏ2, ఏ1 ప్రతులు తీసి ఇస్తారు. వాళ్లకు స్కేలు విలువ తెలుసు కాబట్టి డెక్కు పటాలు అక్కడే ఇవ్వమని నా సలహా. మామూలు జిరాక్సు దుకాణంలో “బాబూ, పేజీకి సరిపోయేలా సర్దేయమంటారా?” అని అడిగితే వద్దని గట్టిగా చెప్పాలి. ఒక చోట అడగకుండానే సర్దేసి ఇచ్చిన ప్రతిలో గడి 24 మిల్లీమీటర్ల లోపుకు కుంచించుకుపోయి, పక్కపక్క గడుల్లో బొమ్మలు ఒకదానినొకటి నెట్టుకున్నాయి. పటం మూలలో సరిగ్గా 100 మిల్లీమీటర్ల పట్టీ ఒకటి గీసి ఉంచి, డబ్బు ఇచ్చే ముందు దాని మీద స్కేలు పెట్టి చూసుకోవడం ఉత్తమం.

దుకాణానికి ఇంక్‌స్కేప్ దాచుకునే ఎస్‌వీజీ ఫైలు ఇవ్వకూడదు, పీడీఎఫ్ ఇవ్వాలి. మన డీటీపీ దుకాణాల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లతో పని జరగడం ఎక్కువ. మన యూనికోడ్ ఫాంటు వాళ్ల కంప్యూటరులో లేకపోతే గదుల పేర్లు డబ్బాలుగా మారతాయి. పీడీఎఫ్‌గా దాచేటప్పుడు అక్షరాలను పాత్‌లుగా మార్చమనే ఎంపికను టిక్ చేస్తే అక్షరాలు బొమ్మలుగా మారిపోయి ఏ కంప్యూటరులోనైనా ఒకేలా ఉంటాయి. మార్చుకోవడానికి వీలైన మూలం మన దగ్గర ఎస్‌వీజీగా ఉండనే ఉంటుంది. రంగుల్లో మాత్రం ఇంక్‌స్కేప్ బలహీనమే. అది ప్రధానంగా తెరకు తగిన రంగుల పద్ధతిలో పనిచేస్తుంది గనుక, తెర మీద మెరిసే ముదురు నీలం కాగితం మీద నీరసంగా దిగుతుంది. తెల్లటి నేల, లేత బూడిద రంగు గడులు, నల్లటి గోడలు, తలుపులకు ఒక్క రంగు చాలు, దీనివల్ల ఖర్చు కూడా తగ్గుతుంది. పటాన్ని ఏళ్ల తరబడి వాడాలనుకుంటే ఫ్లెక్సు మీద కొట్టించుకోవచ్చు గాని, దీపం కింద మెరుపు వల్ల గడులు సరిగా కనబడవు. పైగా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దగ్గరపడే రోజుల్లో ఫ్లెక్సు దుకాణాలవారికి మన పని చూసే తీరిక ఉండదు.

దూరాన ఉన్నవారితో ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు ఈ చిక్కులేవీ లేవు. ఇందుకు వాడే ఆన్‌లైన్ వేదికల్లో రోల్20 ఒక్కో గడికి 70 పిక్సెళ్లు, ఫౌండ్రీ 100 పిక్సెళ్లు మొదటి కొలతగా పెట్టుకుని ఉంటాయి. గడి ఒక అంగుళం కాబట్టి పీఎన్‌జీగా ఎగుమతి చేసేటప్పుడు డీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) దగ్గర 70 గాని, 100 గాని రాస్తే పటం వెళ్లి గడుల మీద సరిగ్గా కూర్చుంటుంది. ఆమదాలవలసలో ఉండే ఒక ఆటగాడు వర్షాకాలంలో ఇలాగే మాతో చేరుతుంటాడు.

సిద్ధంగా ఉన్న కుర్చీలు, యంత్రాల బొమ్మలు లాగి పడేసి అరగంటలో రంగురంగుల పటం తయారుచేసుకోవాలనుకునేవారికి ఇంక్‌స్కేప్ నచ్చకపోవచ్చు. ఇందులో ప్రతి వస్తువునూ మనమే గీసుకోవాలి. బెజియే గీతలు (బిందువులు లాగి వంపు తిప్పే గీతలు) చేతికి అలవడడానికి ఓపిక కావాలి. ముందుగా గ్రాఫు పుస్తకంలో పెన్సిలుతో చిత్తుపటం వేసుకుని, గదుల అమరిక కుదిరాకే కంప్యూటరు ముందు కూర్చోవడం మేలు. చిత్తుపటం దశలోనే కొట్టేయవలసిన నౌకలు కొన్ని ఉంటాయి.

ట్రావెలర్‌లో కృత్రిమ గురుత్వం ఉంటుంది గనుక డెక్కులను నౌక పొడవునా పరుస్తారు. అది లేని ప్రపంచాన్ని ఊహిస్తే ఇంజిన్ తోసే దిక్కే పైవైపు అవుతుంది, నౌక అంతస్తుల మేడలా నిలబడుతుంది. అటువంటి గుండ్రటి నౌకను ఇప్పుడు గీస్తున్నాను. గుండ్రటి డెక్కుల కోసం పోలార్ గ్రిడ్ (వలయాలు, ఆరాల గీతలు) కూడా ఇంక్‌స్కేప్‌లో ఉంది. నాలుగు గడుల వ్యాసార్ధమున్న ఒక్కో అంతస్తు మెజర్ పాత్‌లో 50 గడులకు కాస్త ఎక్కువ చూపిస్తోంది, అంటే 25 టన్నులు. 200 టన్నులకు ఎనిమిది అంతస్తులు కావాలి. నడిమధ్య నిచ్చెన బావి ప్రతి అంతస్తులోనూ ఒక గడి తీసుకుంటుంది కనుక మొత్తం ఎనిమిది గడులు, సరిగ్గా ఒక మనిషి గదికి పట్టేంత చోటు, దానికే పోతోంది. ఆ గడులను గదుల వాటాలోని ఉమ్మడి స్థలం కింద రాసుకుని, ఒక్కో గదిని కొంచెం కుదించి, సిబ్బందిలో ఎవరినీ తగ్గించకుండా ముందుకు వెళ్తున్నాను.